మా అమ్మాయి చదివి చెప్పిన పుస్తకం

మా అమ్మాయి చనిపోయింది. మూడు నెలలయింది. ఈ మాట నా నోటితో నేను ఇంతవరకు అనలేదు. ఊరినుంచి ఫోన్లు వస్తే మా ఆయన చేతికి ఇచ్చేసేదాన్ని. ఆయన వంటగది కిటికీ దగ్గరకు వెళ్ళి, అటు తిరిగి నిలబడి చెప్పేవాడు. కింద లిఫ్టు దగ్గర కనిపించే చైనీస్ ఆంటీ ఒకరోజు “నీ కూతురు ఎలా ఉంది?” అని అడిగితే “హాస్పిటల్” అనేసి లిఫ్టు ఎక్కేశాను. అప్పటికి పిల్ల పోయి పదకొండు రోజులు.

మన తెలుగువాళ్ళ పత్రికలో వేస్తాము, అమ్మాయి గురించి నాలుగు మంచి మాటలు రాసివ్వండి అని అడిగారు. రాస్తాను. మంచి మాటలకు కొదవ లేదు. కానీ ముందు ఒక సంగతి చెప్పకపోతే మిగతావి రాయడానికి నాకు చెయ్యి రాదు. చివరిలో మా అమ్మాయి నన్ను ఒకటి అడిగింది. ఇంకో విడత మందు వద్దు, నన్ను ఇంట్లో ఉండనివ్వు అని. నేను ఉండనివ్వలేదు. అడుగుతున్నదని కూడా నాకు అప్పుడు తెలియలేదు. ఎలా తెలియలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం వైపు. మా ఆయన ఈ దేశానికి, తువాస్‌లో ఓడలు కట్టే యార్డులో వెల్డరుగా వచ్చి, తరవాత ఫోర్‌మన్ అయ్యాడు. మేము వెనక వచ్చేసరికి పిల్లకు మూడేళ్ళు. అప్పటినుంచీ సెంబవాంగ్‌లోనే ఉన్నాం. ఇక్కడి పిల్లలందరిలాగే మాట చివర ‘లా’ తగిలించేది. నాతో మాత్రం తెలుగే. నాకు ఇంగ్లీషు సరిగ్గా రాదని చిన్నప్పుడే కనిపెట్టి, ఎక్కడికి వెళ్ళినా నా పక్కన నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పేది. క్లినిక్కులో చెప్పింది, బ్యాంకులో చెప్పింది. వాళ్ళ స్కూలు టీచరు దాని మీద చాడీలు చెప్తుంటే వాటిని కూడా అదే నాకు చెప్పింది. కొన్ని మింగేసి ఉంటుంది, అది వేరే సంగతి.

ఆ అలవాటే ఉద్యోగం అయింది. స్కూల్లో మార్కులు బాగా వచ్చినవాళ్ళకు ఇంకో భాష నేర్చుకునే వీలు ఇస్తారు. ఇది జపాన్ భాష తీసుకుంది. ఎందుకే అంటే “చాలా పొలైట్‌గా ఉంటుందమ్మా, తిట్టినా దండం పెట్టినట్టే ఉంటుంది” అంది. చదువయ్యాక వాళ్ళ నాన్న పనిచేసే యార్డులోనే, జపాన్ ఇంజనీర్లకూ మనవాళ్ళకూ మధ్య మాట చెప్పే పనిలో చేరింది.

మొదటి నెలలో ఒక సాయంత్రం మా ఆయన నవ్వుకుంటూ వచ్చాడు.

“ఆ జపాను సారు చేతులు ఊపుకుంటూ పది నిమిషాలు అరిచాడే. మన గుంట అంతా విని, మావైపు తిరిగి ‘అన్నా, ఈ జాయింటు ఇంకోసారి చూడమంటున్నారు’ అంది. అంతే! పది నిమిషాల అరుపుకి ఒక్క ముక్క!”

“నాన్నా, అరుపు మీకెందుకు?” అంది మా అమ్మాయి, సాక్సులు విప్పుకుంటూ. “జాయింటు చూడటమే కదా పని. ఏది మోయాలో అదే మోస్తాను లా. మిగతాది నా దగ్గరే ఉంచుకుంటాను.”

ఆ మాట మేము నవ్వి ఊరుకున్నాం.

మా ఇంట్లో కొన్ని మాటలు అనకూడదు. మా అమ్మ నాకు నేర్పింది, నేను పిల్లకు నేర్పాను. పైన తథాస్తు దేవతలు తిరుగుతూ ఉంటారు, మనం ఏది అంటే దానికి తథాస్తు అనేస్తారు. అందుకని బియ్యం అయిపోయాయి అనకూడదు, నిండుకున్నాయి అనాలి. వెళ్తున్నాను అనకూడదు, వెళ్ళొస్తాను అనాలి. మీ ఇళ్ళలోనూ ఉంటుంది. పిల్ల దీన్ని పట్టుకుని నన్ను ఎంత ఏడిపించేదో. “అమ్మా, ఫోన్లో బ్యాటరీ నిండుకుంది, ఛార్జరు ఎక్కడ?” “నాన్నా, ట్రైన్ కార్డు నిండుకుంది, టాప్ అప్ చెయ్యి.” రక్తం జబ్బు అని తెలిసిన తరవాత కూడా మానలేదు. ఒకరోజు రిపోర్టు కాగితం చూసి “అమ్మా, ప్లేట్‌లెట్లు నిండుకున్నాయి” అంది. ఆ రోజు నేను నవ్వలేదు. అది కూడా నా ముఖం చూసి ఆపేసింది.

జబ్బు పేరు నేను ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళో మా చెల్లెలికి కూడా “రక్తం తక్కువగా ఉందట, మందులు ఇస్తున్నారు” అన్నాను. డాక్టరు మొదటిసారి అంతా వివరించి పంపిన రోజు, స్టేషన్ దగ్గర దిగి ఇంటికి బస్సెక్కాం. పిల్ల కిటికీ పక్కన కూర్చుని “అమ్మా, ఒకవేళ ఇది తగ్గకపోతే...” అంది. దాని నోటిమీద నా చెయ్యి పడిపోయింది. గట్టిగానే పడింది. ముందు సీట్లో వాళ్ళు వెనక్కి తిరిగారు.

“తూ తూ అను. అనవే.”

“అమ్మా, బస్సులోనా?”

“అను.”

“తూ. తూ. చాలా?”

అంతే. తరవాత ఎప్పుడూ నాతో ‘ఒకవేళ’ అని మొదలుపెట్టలేదు. నేను గెలిచానని అనుకున్నాను.

మందు ఎక్కించే రోజుల్లో పొద్దున్నే వెళితే మధ్యాహ్నం దాటేది. చేతికి సూది, పక్కన నేను. దానికి జపాన్ భాష నేర్పిన టీచరు ఒకరు ఉన్నారు. పెద్దావిడ, జపాన్ మనిషి, చాలా ఏళ్ళనుంచి ఇక్కడే ఉంటున్నారు. పిల్ల ఆవిడను ‘సెన్సే’ అనేది, అంటే టీచరుగారూ అని. చదవడానికి ఏదైనా తెచ్చిపెట్టమని పిల్ల అడిగితే ఆవిడ ఒక పుస్తకం తెచ్చారు. అరచేతి అంత ఉంది, బూడిదరంగు అట్ట. ఇవ్వడానికి ఆవిడకు మనసు ఒప్పనట్టే ఉంది, సంచిలోంచి తీసి మళ్ళీ లోపల పెట్టుకున్నారు. పిల్లే చెయ్యి చాపి తీసుకుంది.

ఆవిడ వెళ్ళాక నాతో అంది, “అమ్మా, ఆ ఫోన్ పక్కన పెట్టు. ఈ పుస్తకం చదివి చెప్తాను. రోజుకో పేజీ.”

“ఎవరి కథే?”

“కథ కాదు, డైరీ. మంచు పడే ఊళ్ళో టోఫు, అదే సోయా పాల పన్నీరు, చేసి అమ్మే ఆవిడ రాసుకుంది. తరవాత వాళ్ళవాళ్ళు అచ్చు వేయించారు.”

“తరవాతంటే ఏటి? ఆవిడకేటయింది?”

“నాకొచ్చినదే.”

“అయితే వద్దు. మూసెయ్.”

“అమ్మా! ఆవిడ మాట కదా, నా మాటా? అదీ జపాన్‌లో. మన తథాస్తు దేవతలు అంత దూరం వెళ్ళరు లా. వీసా ఉండొద్దూ?”

నేను నవ్వేశాను. వేరేవాళ్ళ సంగతి అయితే అనుకోవచ్చు, తప్పు లేదు. మా అమ్మ కూడా పక్క ఊరి చావు కబుర్లు ఎన్నో చెప్పేది.

అలా మొదలయింది. ఆవిడ తెల్లవారకముందే లేచి సోయా గింజలు చూసుకునేదట. నానాయా లేదా అని ఒక గింజ గోటితో నొక్కి చూసేదట. మనం మినప్పప్పు చూసుకోమా? నాకు వెంటనే దగ్గరయిపోయింది. మా వైపు అక్కను అప్ప అంటాం. నేను ఆవిడకు ‘టోఫు అప్ప’ అని పేరు పెట్టేశాను. రెండో రోజు అడిగాను, “మీ టోఫు అప్పకి అమ్మ ఉందా?” అని.

పిల్ల పుస్తకంలోకి కాసేపు చూసింది. పేజీ ముందుకు తిప్పింది, వెనక్కి తిప్పింది. “ఉందమ్మా” అంది. “ఆవిడతోనే ఉంటుంది.”

ఇక అప్పటినుంచి ఏ పేజీ చదివినా ఆ ముసలమ్మ ఉండేది. టోఫు అప్పకు నోరంతా ఇనుము రుచి తగులుతుంటే, వాళ్ళమ్మ ముందు మాత్రం అన్నం బాగుందని తినేదట. అప్పకు రాత్రిళ్ళు భయం వేస్తే, వాళ్ళమ్మను లేపితే ఇంకా భయపడుతుందని దుప్పటి నోట్లో కుక్కుకునేదట. చుట్టుపక్కలవాళ్ళు అడిగితే ఆ ముసలమ్మ “మా పిల్ల చుట్టాలింటికి వెళ్ళింది” అని అబద్ధం చెప్పేదట. నేను వింటూ మధ్యలో అడ్డం వచ్చేదాన్ని. “అలగే చెప్పాలి, మంచి పని చేసింది” అనేదాన్ని. ఇంకోసారి “ఆ ముసలమ్మకి కుదురు లేదు, పిల్ల పక్కన కూర్చోకుండా ఆ గిన్నెలెందుకు తోముకుంటాది” అని తిట్టాను. పిల్ల పడీపడీ నవ్వింది. సూది కదులుతుందని నర్సు వచ్చి కోప్పడింది.

ఒకరోజు ఆ ముసలమ్మ చారు కాచి పట్టుకెళ్ళిందని చెప్పింది.

“జపాన్‌లో చారేటే?”

“ఆ... వాళ్ళ చారు వేరే లా. మిరియాలు ఉండవు.”

నేను ఇంకేమీ అడగలేదు. ఎందుకు అడగలేదు? ఇప్పుడు రోజూ నన్ను నేను అడుక్కునేది అదే.

రెండో విడత అయ్యాక కొన్నాళ్ళు బాగుంది. చికెన్ రైస్ తింటానంటే తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కు వెళ్ళాం. టిష్యూ ప్యాకెట్ బల్లమీద పెట్టి నాకు సీటు ఆపి, “అమ్మా, ఇది నీ రాజ్యం, ఎవరొచ్చినా లేవకు” అని తను లైన్లో నిలబడింది. గుండుమీద టోపీ, చేతిలో ట్రే. ఆ రోజు ప్లేటు ఖాళీ చేసింది. అన్నం అయిపోయింది అనకుండా నావైపు చూసి, “నిండుకుంది” అంది.

తరవాత జబ్బు తిరగబెట్టింది. డాక్టరు ముగ్గురినీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు. ఇంకో విడత ఇవ్వవచ్చు, ఈసారి మందు గట్టిది, పనిచేసే ఆశ తక్కువ. లేదా ఇంటికి తీసుకువెళ్ళవచ్చు, నొప్పి లేకుండా చూసుకోవడానికి నర్సు ఇంటికే వస్తుంది. రెండు రోజులు ఆలోచించుకోండి అన్నారు. ఇవన్నీ మాకు తెలుగులో చెప్పింది మా అమ్మాయే. ఒక్క మాట తగ్గించలేదు, పెంచలేదు. చెప్పినంతసేపూ ‘పేషెంటు’ అంది, ‘నేను’ అనలేదు.

ఇంటికి వచ్చాక ఆ మాట నేను ఎత్తలేదు. ఎవరినీ ఎత్తనివ్వలేదు. మర్నాడు మధ్యాహ్నం మా ఆయన పనికి వెళ్ళాడు. అది పడుకుని ఉంది. నేను పక్కన కూర్చుని బట్టలు మడతపెడుతున్నాను.

“అమ్మా, ఇవాళ పేజీ చదవలేదు.”

“చదువు మరి. ఏటంటున్నాది మీ అప్ప?”

అది చాలా నెమ్మదిగా చదివింది. టోఫు అప్పకు డాక్టరు ఇంకో మందు ఉందన్నాడట. అప్పకు ఓపిక లేదట. భయం కాదట, ఓపిక లేదట. ఇంట్లో పడుకుని, గింజలు ఉడికే వాసన పీల్చుకుంటూ, వాళ్ళమ్మ కిందామీదా తిరుగుతుంటే ఆ చప్పుడు వింటూ ఉండాలని ఉందట. ఆ మాట వాళ్ళమ్మకు చెప్పిందట.

“ఏటంది వాళ్ళమ్మ?”

“ఈ పేజీ ఇక్కడికే అయిపోయిందమ్మా. ఏమనాలంటావు?”

నేను తల కూడా ఎత్తలేదు. టవలు మడతపెడుతూనే అన్నాను. “ఏ తల్లయినా ఒప్పుకుంటాదా? ఒప్పుకుంటే అది తల్లేనా? పిల్లని పడుకోబెట్టి చూస్తూ కూర్చుంటాదా?”

పిల్ల మందుల షాపు చీటీ ఒకటి పేజీలో పెట్టి పుస్తకం మూసింది.

“ఓకే లా” అంది.

మర్నాడు హాస్పిటల్‌కు వెళ్ళి ఆ మందుకు ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం పెట్టింది. ఆ వెళ్ళిన పిల్ల మళ్ళీ ఇంటికి రాలేదు. చివరి తొమ్మిది రోజులు నోట్లో గొట్టం. మాట లేదు.

నెల తరవాత సెన్సే మా ఇంటికి వచ్చారు. ఫోటో ముందు కింద కూర్చుని, తల నేలకు ఆనించి చాలాసేపు అలాగే ఉన్నారు. టీ ఇచ్చాను. ఆవిడకు వచ్చిన ఇంగ్లీషు నెమ్మదిగా ఉంటుంది, నాకు వచ్చింది కొంచెమే, అందుకని మా ఇద్దరికీ బాగానే కుదిరింది. ఆవిడ నన్ను ‘మదర్’ అంటారు. పుస్తకం ఆవిడదే కదా అని తెచ్చి చేతికిచ్చాను. ఇస్తూ ఒక్కటి అడిగాను. ఎన్నాళ్ళనుంచో ఆ ముసలమ్మ సంగతి తెలుసుకోవాలని ఉంది.

“చీటీ పెట్టిన చోటునుంచి చదవండి. ఆ మదర్ చివరికి ఏమంది?”

“ఎవరి మదర్?”

“టోఫు లేడీ మదర్.”

ఆవిడ నావైపు చూశారు. మొదటి పేజీ తీశారు. మళ్ళీ మూసి, నెమ్మదిగా చెప్పారు. “మదర్, ఈమెకు అమ్మ లేదు. నాలుగేళ్ళప్పుడే చనిపోయింది. మొదటి పేజీలోనే రాసుకుంది.”

నాకు అర్థం కాలేదు. చీటీ ఉన్న పేజీ చదవమన్నాను. ఆవిడ చదివి చెప్పారు. “ఇవాళ వాన. గింజలు రెండు కుండలు నానబోశాం. నడుము నొప్పి కొంచెం తగ్గింది. అంతే, మదర్.”

మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ అంతే.

నేను సరిగ్గా వినలేదేమో, పొరపాటు పడ్డానేమో అని ఆవిడ అనుకున్నారు. అప్పుడు నేను ఒక్కొక్కటీ చెప్పుకుంటూ వచ్చాను. ఇనుము రుచి, దుప్పటి, చుట్టాలింటి అబద్ధం, చారు. ఒక్కొక్కదానికీ ఆవిడ లేదని తల ఊపుతూనే ఉన్నారు. గింజ గోటితో నొక్కి చూడటం మాత్రం ఉందట. ఆఖరికి ఆవిడ రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. “పొరపాటు కాదు, మదర్” అన్నారు. “నా స్టూడెంట్ ఎప్పుడూ తప్పు ట్రాన్స్‌లేట్ చెయ్యదు.”

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. బూట్లు విప్పకుండా తలుపు దగ్గరే కూర్చుండిపోయాడు.

“నాన్నేటంటాడో అని నన్ను కూడా అడగలేదు, చూడు” అన్నాడు.

“నేను ఇంటికి రమ్మనుంటే?”

“ఏటవునో నాకేటి తెలుసు. నువ్వేటంటావో దానికి తెలుసు. తెలిసే అడిగింది.”

ఓదార్చడానికి అన్నాడో, తిట్టడానికి అన్నాడో నేను అడగలేదు.

ఒక్కోసారి పిల్లమీద కోపం వస్తుంది. నా చెయ్యి తీసి పక్కన పెట్టి, ‘అమ్మా, నాకు ఓపిక లేదు’ అని మొహం మీద చెప్పకూడదా? మళ్ళీ అనిపిస్తుంది, చెప్పిందిగా. నేను నోరు మూస్తే ఇంకో మనిషి నోటితో, ఇంకో దేశం నుంచి చెప్పింది. దాని భయం, దాని నొప్పి, రాత్రి దుప్పటి సంగతి, అన్నీ నా పక్కన కూర్చునే చెప్పుకుంది. ఎంతమంది తల్లులకు పిల్లలు ఇంత చెప్పి వెళ్తారు? దానికి నేను దండం పెట్టుకోవాలి. పెట్టుకుంటున్నాను. కానీ చారు అన్న రోజున నాకు నిజంగా తెలియలేదా? అది జపాన్ చారు కాదని, నా చారేనని నా కడుపుకు తెలుసు. తెలిసినట్టు ఒప్పుకుంటే వినాల్సి వస్తుందని ఊరుకున్నానేమో. మీకు బుద్ధి చెప్పాలని రాయడం లేదు. మందు పనిచేసి ఉంటే ఈపాటికి ఇదే కథ వేరేలా చెప్పుకునేదాన్నని నాకు తెలుసు.

మొన్న గురువారం సెన్సే మళ్ళీ వచ్చారు. పుస్తకం నాకే ఇచ్చేస్తానని తెచ్చారు. మీరు ఉంచుకోండి, నాకు చదవడం రాదు కదా అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. అప్పుడు నేను ఒకటి అడిగాను. వాన అని రాసిన పేజీలో, ఆ పక్కన ఖాళీలో, ఒక మాట రాసి పెట్టమన్నాను.

ఆవిడ పుస్తకాల మీద గీత కూడా గీయని మనిషి. చాలాసేపు ఆలోచించి, బ్యాగులోంచి పెన్సిలు తీశారు.

“ఏం రాయాలి, మదర్?”

“వాళ్ళమ్మ అన్న మాట. ‘పద అమ్మా, ఇంటికి పోదాం.’”

ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ మళ్ళీ తెలుగులో చెప్పమన్నారు. తెలుగు ఆవిడకు రాదు, అయినా చెప్పమన్నారు. చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పాను. అప్పుడు వంగి, చిన్న చిన్న జపాన్ అక్షరాలతో, పైనుంచి కిందికి రాశారు.

పెన్సిలు రాతకు ఆరడమంటూ ఉండదు. అయినా ఆవిడ పుస్తకం మూయలేదు. నేనూ మూయమనలేదు.